మంచు పేరిన ఉదయాన కాలువ గట్టున ఇద్దరి నడక: కింగ్స్ నార్టన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా

ఇంగ్లండులో చలికాలం మొదలైతే మన తెలుగువాళ్ళలో చాలామంది, ముఖ్యంగా చదువుకోసం కొత్తగా వచ్చినవారు, గదికీ తరగతికీ పనికీ మధ్యనే తిరుగుతూ నెలలు గడిపేస్తారు. డిసెంబరు చివర బర్మింగ్‌హామ్‌లో ఉదయం ఎనిమిదింబావు దాటితే గాని సూర్యుడు పొడవడు, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలోనే అస్తమిస్తాడు. మధ్యలో ఉన్న ఆ కాస్త వెలుతురు కూడా గోడల మధ్యనే గడిచిపోతే మనసు కుంగిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆకాశం తేటగా ఉండి నేల మీద తెల్లగా మంచు పేరిన ఒక ఉదయం చూసుకొని, ఒక స్నేహితుణ్ణో స్నేహితురాలినో వెంటబెట్టుకొని, కాలువ గట్టున మూడు గంటలు నడవడం దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం. దీనికి ఖర్చు లేదు, కొండలెక్కే సత్తువ అక్కరలేదు. కాని దారి ఎంపికలోనూ రోజు ఎంపికలోనూ అజాగ్రత్త పనికిరాదు.

మొదటిసారి వెళ్ళేవారికి నేను చెప్పే దారి వుస్టర్–బర్మింగ్‌హామ్ కాలువ గట్టు. నగరానికి దక్షిణ శివారైన కింగ్స్ నార్టన్ దగ్గర కాలువలు కలిసే చోటు నుంచి నగరం నడిబొడ్డున ఉన్న గ్యాస్ స్ట్రీట్ బేసిన్ అనే పడవల రేవు వరకు సుమారు 9 కిలోమీటర్లు. ఈ దారికి రెండు గొప్ప సుగుణాలు ఉన్నాయి. మొదటిది, ఇది పూర్తిగా సమతలం. బర్మింగ్‌హామ్ నుంచి టార్డెబిగ్ వరకు 14 మైళ్ళ పొడవునా ఈ కాలువకు పడవలను ఎత్తి దించే లాకు ఒక్కటి కూడా లేదు. ఆ తరువాత మాత్రం వరుసగా 30 లాకులతో అది ఒక్కసారిగా లోయలోకి దిగిపోతుంది. రెండవది, కాలువకు దాదాపు సమాంతరంగా రైలుమార్గం సాగుతుంది. కింగ్స్ నార్టన్, బోర్న్‌విల్, సెల్లీ ఓక్, యూనివర్సిటీ, ఫైవ్ వేస్ అనే స్టేషన్లు ఒకదాని తరువాత ఒకటి గట్టుకు దగ్గరలోనే వస్తాయి. చలిలో నడిచేటప్పుడు దారి అందం కంటె ముందు చూడవలసిన సంగతి ఇదే: మీలో ఒకరికి కాళ్ళు తిమ్మిరెక్కినా, ఊపిరి పట్టేసినా, లేక మనసు పుట్టకపోయినా, అరగంటలోపు వెచ్చని చోటికి చేరగలగాలి. ఎంత అందమైన పల్లె బాట అయినా, సగం దూరం వెళ్ళాక వెనక్కి తిరగడం తప్ప మరో మార్గం లేని బాటను కొత్తవారితో శీతాకాలంలో ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

చాలామంది నగరంలో మొదలుపెట్టి బయటికి నడుస్తారు. మంచు చూడదలచినవారు దానికి వ్యతిరేకంగా చేయాలి. న్యూ స్ట్రీట్ స్టేషనులో ఉదయపు రైలెక్కి కింగ్స్ నార్టన్‌లో దిగి, అక్కడి నుంచి ఉత్తరంగా నగరంవైపు నడవాలి. ఇళ్ళు, రోడ్లు, వాహనాలు కిక్కిరిసిన నగర మధ్యంలో రాత్రి వేడి కొంత నిలిచి ఉంటుంది కనుక మంచు పలుచగా పేరి త్వరగా కరుగుతుంది. శివార్లలోని చెట్ల నడుమ అది చిక్కగా పేరుతుంది గాని, ఎండ తగలగానే అదీ పోతుంది. అందువల్ల మంచు ఎక్కువగా ఉండే చోటుకు ముందుగా చేరాలి. ఇంకొక లాభం కూడా ఉంది. డిసెంబరు చివర నడిమధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు క్షితిజం మీద సుమారు 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణంగా నడిస్తే ఆ వాలు ఎండ నేరుగా కళ్ళలో కొట్టి కాలి కింద ఏముందో కనబడనివ్వదు. ఉత్తరంగా నడిచేవారికి ఎండ వీపు మీద పడుతుంది. నడక ముగిసేసరికి వేడి భోజనం, వెచ్చని గదులు ఉన్న నగరంలో ఉంటారు. ఆదివారాలలో రైళ్ళు తక్కువగా ఉంటాయి, కొన్ని వారాంతాలలో పట్టాల మరమ్మతులు కూడా జరుగుతాయి కనుక ముందురోజు రాత్రే వేళలు చూసుకోవాలి.

రోజును ఎంచుకోవడంలోనే ఈ నడక మంచిచెడ్డలు చాలావరకు తేలిపోతాయి. తెల్లని మంచు పేరాలంటే రాత్రి ఆకాశంలో మేఘాలు ఉండకూడదు, గాలి వీచకూడదు. మేఘాల కప్పు లేనప్పుడు నేల తన వేడిని పైకి వదిలేసి, తన మీది గాలి కంటె ఎక్కువగా చల్లబడుతుంది. వాతావరణ కేంద్రాలు ఉష్ణోగ్రతను నేల మీద కాక 1.25 మీటర్ల ఎత్తులో కొలుస్తాయి. కాబట్టి ఫోనులో 2 లేక 3 డిగ్రీలు అని కనబడినా గడ్డి మీద సున్నాకు దిగువ ఉండవచ్చు. ఈ సంగతి తెలియక “ఇవాళ మంచేమీ ఉండదు” అనుకొని మామూలు బూట్లతో బయలుదేరేవారు ఉంటారు. అంతకంటె ముఖ్యంగా, ముందురోజు ఏం జరిగిందో చూడాలి. రెండు మూడు రోజులు పొడిగా ఉండి తరువాత తేటగా చలిపడితే గడ్డి మీద, ఆకుల అంచుల మీద, గేట్ల ఇనుప కడ్డీల మీద గరుకైన తెల్లని పొర పేరుతుంది. అది కంటికి కనబడుతుంది, అడుగుకు కాస్త పట్టు కూడా ఇస్తుంది. ముందురోజు సాయంత్రం వాన కురిసి రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగితే మాత్రం, దారి మీది తడి అంతా రంగులేని పలుచని పొరగా గడ్డకట్టుతుంది. ఇక్కడివారు బ్లాక్ ఐస్ అనేది దీన్నే. మొదటి రకం రోజున తప్పక వెళ్ళండి, రెండవ రకం రోజున వెళ్ళకండి. ఇక్కడి వాతావరణ శాఖ అయిన మెట్ ఆఫీస్ వారు మంచు గురించి పసుపుపచ్చ హెచ్చరిక ఇచ్చి ఉంటే నడకను మరో రోజుకు మార్చుకోండి. పెద్ద రహదారుల మీద నగరపాలక సంస్థ ఉప్పు చల్లిస్తుంది గాని, కాలువ గట్ల మీద సాధారణంగా ఎవరూ చల్లరని గుర్తుంచుకోవాలి.

దుస్తుల విషయంలో మనవారు చేసే పొరపాటు, ఒకే ఒక్క లావుపాటి కోటు మీద నమ్మకం ఉంచడం. పది నిమిషాలు నడిచేసరికి లోపల చెమట పడుతుంది, ఆగిన మరుక్షణం ఆ చెమటే చలిగా మారుతుంది. ఒంటికి అంటుకొని ఉండే పలుచని ఊలు లేక సింథటిక్ బనియను, దాని మీద స్వెట్టరు, పైన గాలి దూరని జాకెట్టు, ఇలా మూడు పొరలుగా వేసుకుంటే వేడెక్కినప్పుడు ఒకటి తీసి, ఆగినప్పుడు మళ్ళీ వేసుకోవచ్చు. నూలు బనియనూ జీన్సూ తడిస్తే ఆరవు, వెచ్చదనమూ ఇవ్వవు. మంకీ క్యాపును చూసి ఎవరైనా నవ్వుతారని ఇంట్లో వదిలేయకండి, చెవులు కప్పడంలో దానికి మించినది లేదు. చేతి తొడుగులు వెచ్చదనం కోసమే కాదు: అవి లేనివారు చేతులు జేబుల్లో పెట్టుకొని నడుస్తారు, జారినప్పుడు ఆపుకోవడానికి చేతులు బయట ఉండవు. బూట్ల అడుగు లోతైన గీతలతో, మెత్తని రబ్బరుతో ఉండాలి. అరిగిపోయిన స్పోర్ట్స్ షూలు ఈ దారికి పనికిరావు. బూట్ల కింద తొడిగే ఇనుప ముళ్ళ పట్టీలు అక్కరలేదు, వంతెనల కింద ఇటుక పరిచిన చోట అవే జారేటట్టు చేస్తాయి. ఫోనును లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. ఒక ఫ్లాస్కులో అల్లం టీ, వీలైతే మరొక దానిలో మిరియాల చారు, నాలుగు వేరుశనగ ఉండలు ఉంటే చాలు. ఆస్తమా ఉన్నవారికి చల్లని పొడిగాలి ఊపిరిని బిగబట్టేస్తుంది కనుక ఇన్‌హేలరు తప్పనిసరి, ముక్కూ నోరూ కప్పేటట్టు మఫ్లరు చుట్టుకోవాలి.

ఇక తోడు సంగతి. ఈ నడకకు ఇద్దరు సరిపోతారు, ముగ్గురైతే గట్టు ఇరుకవుతుంది. కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవడానికి కూడా వెడల్పు చాలదు. అలాంటి చోట్ల నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి, అలవాటున్నవారు వెనకుండాలి. వేగంగా నడిచేవారు ముందుంటే వెనకవారు వారిని అందుకోవాలన్న తొందరలో అడుగు చూసుకోరు, అలసిపోయినా చెప్పరు. మన మర్యాదలో ఇదొక చిక్కు: పిలిచినవారిని నొప్పించకూడదని “పరవాలేదు, వెళ్దాం” అంటూనే ఉంటారు. కాబట్టి “చలిగా ఉందా?” అని అడగడం కంటె, ప్రతి స్టేషను దగ్గరా ఆగి, “ఇక్కడ రైలెక్కుదామా, ముందుకు పోదామా?” అని అడగడం మేలు. అప్పుడు వెనుదిరగడం ఓటమి అనిపించదు, రెండూ సమానమైన దారులే అవుతాయి. పక్కపక్కన నడవగలిగిన చోట కొత్తవారిని పొదల వైపు ఉంచి, దారి తెలిసినవారు నీటి వైపు నడవాలి. జారుడు ఉన్న చోట చేతులు పట్టుకోకండి, ఒకరు పడితే ఇద్దరూ పడతారు. రెండు మూడు అడుగుల ఎడం ఉంచి, పొట్టి అడుగులు వేస్తూ, పాదం మొత్తం ఒకేసారి నేలకు ఆనేటట్టు నడవాలి. వెనక నుంచి సైకిలు గంట వినిపిస్తే ఆగి, పొదల వైపు ఒదిగి నిలబడండి. గట్టు మీద నడిచేవారికే మొదటి హక్కు అని నియమం, అయినా మంచు మీద సైకిలు వెంటనే ఆగదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఇద్దరికీ వద్దు.

నీటి గురించి సూటిగా చెప్పాలి. మన గోదావరి, కృష్ణా డెల్టా కాలువలు పొలాలకు పారే నీటివి. వాటిలోనూ ఒకప్పుడు పడవలు నడిచాయి, లాకులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఇక్కడి కాలువలు కేవలం పడవల కోసమే తవ్వినవి, వీటిలో నీరు దాదాపు కదలదు. కదలని నీరు కనుకనే పైన త్వరగా గడ్డకడుతుంది, అది చూడటానికి గట్టి నేలలా ఉంటుంది. దాని మీద కాలు మోపకూడదు, రాయి వేసి పరీక్షించకూడదు, కుక్కో బంతో దాని మీదికి వెళ్ళినా వెంట పోకూడదు. 2022 డిసెంబరులో బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న సోలిహల్‌లో ఒక చెరువు మీది మంచు విరిగి నలుగురు పిల్లలు చనిపోయారు. పొరపాటున ఎవరైనా నీటిలో పడితే మొదటి నిమిషంలో ప్రమాదం చలి తాకిడిది: ఊపిరి తనంతట తానే ఎగపోసుకొస్తుంది, ఆ ఎగశ్వాసలో నీరు మింగుతారు. ఈదబోకుండా వెల్లకిలా తేలి, శ్వాస కుదుటపడ్డాక గట్టు పట్టుకోవాలి. కాలువ చాలాచోట్ల అంత లోతుగా ఉండదు, కాళ్ళు ఆనుతాయేమో చూడాలి. గట్టు మీద ఉన్నవారు నీటిలోకి దూకకూడదు. బోర్లా పడుకొని మఫ్లరో, కొమ్మో, దగ్గరలో ఉంటే రక్షణ తాడో అందించి, 999కు ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని అడగాలి. చోటు చెప్పడానికి వంతెనల మీది సంఖ్యలు ఉపయోగపడతాయి. ప్రతి వంతెనకూ ఒక చిన్న పలక మీద సంఖ్య ఉంటుంది, ఈ కాలువ మీద లెక్క వుస్టర్ వైపు నుంచి మొదలవుతుంది కనుక మీరు నగరంవైపు నడుస్తున్నకొద్దీ అది పెరుగుతుంది. దాటిన ప్రతి వంతెన సంఖ్యనూ ఒకరు పైకి చదువుతూ పోతే ఇద్దరికీ గుర్తుంటుంది.

కింగ్స్ నార్టన్ స్టేషను నుంచి కాలువలు కలిసే చోటికి కొద్ది నిమిషాల నడక. తొందరలేకపోతే, అక్కడ మొదలయ్యే స్ట్రాట్‌ఫర్డ్ కాలువ వెంట కాస్త దూరం వెళ్ళి, గిలటిన్‌లా నిలువుగా పైకి లేచే తలుపులున్న పాత లాకును చూసి రండి. రెండు కంపెనీల కాలువలు కలిసే చోట ఒకరి నీరు మరొకరికి పోకుండా కాపాడేందుకు కట్టినది అది. ఇక్కడి నుంచి దక్షిణంగా మాత్రం వెళ్ళకండి: కాలువ సుమారు రెండున్నర కిలోమీటర్ల వాస్ట్ హిల్స్ సొరంగంలోకి పోతుంది, అందులో నడిచే గట్టు లేదు. పూర్వం పడవను లాగే గుర్రాలను విప్పి కొండ మీదుగా నడిపించేవారు.

ఉత్తరంగా మొదటి భాగంలోనే మంచు మీకు బాగా దొరుకుతుంది. ఇక్కడ నిదానించండి. గడ్డి మీద ఎండ పడిన మేర పచ్చగా, చెట్ల నీడ పడిన మేర తెల్లగా, గీత గీసినట్టు విడిపోయి ఉంటుంది. ఎండు పొదల మీద, సాలెగూళ్ళ మీద పేరిన పలుకులను దగ్గరగా వంగి చూడవచ్చు. గట్టుకు కట్టి ఉంచిన నారోబోట్లలో మనుషులు కాపురముంటారు. ఏడడుగుల వెడల్పైనా లేని ఆ పడవల్లో కుంపటి పొయ్యిలు రాత్రంతా వెలుగుతాయి, గాలిలేని ఉదయం వాటి పొగ నీటి మీదనే నిలిచి ఉంటుంది. అది వారి ఇల్లు కనుక గొంతు తగ్గించి మాట్లాడుతూ, కిటికీలలోకి చూడకుండా దాటండి. పడవను కట్టిన మేకులూ తాళ్ళూ మంచులో కనబడవు, కాలికి తగులుతాయి. నీరు గడ్డకట్టిన రోజున పడవలు కదలవు, ఎందుకంటే విరిగిన మంచు పలకలు పక్క పడవలను కోసుకుపోతాయి. 1962–63 చలికాలంలో దేశంలోని కాలువలు వారాల తరబడి గడ్డకట్టుకుపోయాయి. అప్పటికే రైళ్ళకూ లారీలకూ ఓడిపోతున్న సరుకు పడవల వ్యాపారం ఆ దెబ్బతో దాదాపు ముగిసిపోయింది. ఈ మాట తోడువచ్చినవారికి ఇక్కడే, గడ్డకట్టిన నీటి పక్కనే చెప్పండి.

బోర్న్‌విల్ చేరేసరికి గాలివాటం అనుకూలిస్తే చాక్లెట్ వాసన తగులుతుంది. క్యాడ్‌బరీ సోదరులు 1879లో నగరం మధ్య ఇరుకైపోయిన తమ ఫ్యాక్టరీని వదిలి ఇక్కడికి వచ్చారు, వారి సరుకులకు ఈ కాలువే రేవు అయింది. మొదటి టీకి ఇది తగిన చోటు. నడక ఆపి టీ తాగేటప్పుడు విప్పిన పొరను ముందుగా తొడుక్కొని, ఆ తరువాతే ఫ్లాస్కు తెరవండి. బెంచీ మీద మంచు ఉంటే కూర్చోకండి, నిలబడే తాగండి, పది నిమిషాలు మించకండి.

సెల్లీ ఓక్ దాటాక విశ్వవిద్యాలయపు గడియార స్తంభం చెట్ల మీదుగా కనబడుతుంది. ఎర్ర ఇటుకతో దాదాపు వంద మీటర్ల ఎత్తున కట్టినది. యూనివర్సిటీ స్టేషను దగ్గర చివరిసారి గట్టిగా ఆలోచించుకోండి, ఎందుకంటే తరువాతి ఎడ్జ్‌బాస్టన్ భాగం చెట్ల నీడలో, ఎత్తైన కరకట్టల మధ్య పోతుంది. అక్కడ శీతాకాలపు వాలు ఎండ అందదు, మధ్యాహ్నం దాకా మంచు కరగదు. దారిలో వచ్చే చిన్న సొరంగం వంద మీటర్ల లోపే, లోపల నడిచే గట్టు ఉంది. కాని పైనుంచి కారే చుక్కలు కింద గడ్డకట్టి ఉండవచ్చు కనుక ఫోను దీపం వెలిగించి, ఒకరి వెనక ఒకరు వెళ్ళాలి. పాత వంతెనల కింద కూడా ఇదే జాగ్రత్త. ఆ వంతెనల మూలల్లో లోతైన గాట్లు కనబడితే వేలితో తడిమి చూడండి, అవి పడవలను లాగిన గుర్రాల తాళ్ళు ఏళ్ళ తరబడి ఒరుసుకొని చేసినవి.

పక్షులకు ఇది కష్టకాలం. నీరు గడ్డకట్టినప్పుడు బాతులూ నీటికోళ్ళూ మిగిలిన కొద్దిపాటి నీటి మడుగు చుట్టూ చేరుతాయి, కొంగ ఒకటి ఒడ్డున కదలకుండా నిలబడి ఉంటుంది. వాటిని చెదరగొట్టకుండా దూరంగా దాటండి. ఎగిరిన ప్రతిసారీ వాటికి ఖర్చయ్యే శక్తి ఆ రోజు తిరిగి దొరకకపోవచ్చు. అదృష్టం ఉంటే నీలిరంగు లకుముకి పిట్ట నీటి మీదుగా దూసుకుపోతూ కనబడుతుంది.

గ్యాస్ స్ట్రీట్ బేసిన్‌లో వుస్టర్ బార్ అనే సన్నని అడ్డుకట్ట దగ్గర నడక ముగుస్తుంది. 1791లో ఈ కాలువకు చట్టం చేసినప్పుడు, తమ నీరూ తమ రాబడీ పోతాయని భయపడిన పాత బర్మింగ్‌హామ్ కాలువ కంపెనీ, రెండు కాలువల మధ్య రెండు మీటర్ల మేర అడ్డు ఉంచాలని పట్టుబట్టింది. 1815లో అక్కడ లాకు తెరిచేదాకా ఒక పడవలోని సరుకును మనుషులు మోసి మరో పడవలోకి మార్చవలసివచ్చేది.

ఇక్కడికి చేరగానే వేడిగా ఏదైనా తినే ముందు తడిసిన సాక్సులు మార్చుకోండి, సంచిలో రెండో జత ఉండాలి. ఇంటికి వెళ్ళాక బూట్లను రేడియేటరు మీద పెట్టకండి, జిగురు ఊడిపోతుంది. లోపల వార్తాకాగితాలు కూరి గదిలో ఒక మూల ఉంచితే మర్నాటికి ఆరుతాయి. ఇద్దరికీ ఇంకా సత్తువ ఉంటే, ఇక్కడి నుంచే పడమరగా స్మెథిక్ వైపు పోయే మెయిన్ లైన్ కాలువ ఉంది, థామస్ టెల్ఫర్డ్ 1820లలో తిన్నగా, వెడల్పుగా మార్చిన దారి అది. అయితే అది బాగా తెరపిగా ఉండి గాలి తగులుతుంది కనుక దాన్ని అదే రోజు కలుపుకోకుండా, ఫిబ్రవరిలో పగలు పెరిగాక, మళ్ళీ రెండు పొడి రోజుల తరువాత వచ్చే తేట ఉదయానికి ఉంచుకోండి.